పిల్లల గుండెలో రంధ్రం: తొడ దారి, చంక దారి, ఎదురు రొమ్ము దారి – ఏది ఎవరికి?

మా చెల్లెలి కూతురికి నాలుగో ఏట గుండెలో రంధ్రం ఉందని తేలిన రోజు, ఇంట్లో అందరికంటే ముందు మా అమ్మ అడిగిన మాట ఒక్కటే: “ఎదురు రొమ్ము మీద గాటు కనిపిస్తుందా?” ఆడపిల్ల, రేపు పెద్దదవుతుంది, నలుగురిలోకి వెళ్తుంది అన్నది ఆమె బెంగ. ఆ బెంగను నేను తేలికగా తీసిపారేయను. కానీ ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ మేము దాదాపు రెండు నెలలు గడిపాం. అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదని ఆ తర్వాత గానీ అర్థం కాలేదు.

పైన కనిపించే గాటు వేరు, లోపల జరిగే పని వేరు. చంక కింద 5 సెంటీమీటర్ల గాటుతో చేసినా, రొమ్ము ఎముకను నిలువునా తెరిచి చేసినా, బిడ్డను గుండె, ఊపిరితిత్తుల పనిని తాను చేసే హార్ట్ లంగ్ మెషీన్ మీద ఉంచాల్సిందే, గుండెను కాసేపు ఆపాల్సిందే, రంధ్రాన్ని కుట్టాల్సిందే లేదా దానికి అతుకు వేయాల్సిందే. తొడ దగ్గర సిరలోంచి వెళ్లే పద్ధతి మాత్రం పూర్తిగా వేరు. ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పక, చిన్న కోత అంటే చిన్న ఆపరేషన్ అనుకున్న తల్లిదండ్రులు ఆ రెండు నెలల్లో నాకు చాలామంది కనిపించారు. మేమూ అలాగే అనుకున్నాం.

ముందు రంధ్రం ఎక్కడుందో తెలియాలి

పుట్టే ప్రతి 1,000 మంది పిల్లల్లో సుమారు 8 నుంచి 10 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. అందులో “గుండెలో హోల్” అని మనం ఒకే మాటతో చెప్పేవి నిజానికి చాలా రకాలు. పై గదుల మధ్య గోడలో ఉంటే ఏఎస్‌డీ. కింది గదుల మధ్య గోడలో ఉంటే వీఎస్‌డీ. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల ధమనినీ బృహద్ధమనినీ కలిపే చిన్న గొట్టం పుట్టాక కూడా మూసుకుపోకుండా ఉంటే పీడీఏ.

ఏఎస్‌డీలో మళ్లీ రకాలున్నాయి. గోడ నడిమి భాగంలో ఉండేది సెకండమ్. కవాటాలకు ఆనుకుని కింద ఉండేది ప్రైమమ్. పై మహాసిర గుండెలోకి వచ్చి కలిసే చోట ఉండేది సైనస్ వీనోసస్. దీనితోపాటు కుడి ఊపిరితిత్తి నుంచి ఎడమ గదికి వెళ్లాల్సిన సిరలు కొన్ని దారి తప్పి కుడివైపు కలిసి ఉండటం మామూలే. పిల్లల్లో తొడ దారిన మూయడానికి వీలయ్యేది సాధారణంగా సెకండమ్ ఒక్కటే. కాబట్టి ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు చేతికి రాగానే రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లు అని మాత్రమే చూసి ఊరుకోకండి. ఏ రకం, చుట్టూ అంచులు ఎలా ఉన్నాయి, కుడివైపు గదులు పెరిగాయా, ఊపిరితిత్తుల్లో పీడనం ఎంత – ఈ నాలుగూ అడిగి, అదే కాగితం వెనక రాయించుకోండి.

మరో సంగతి. అసలు ఏమీ చేయకుండా వేచి చూడటం కూడా ఒక దారే. పసితనంలో కనిపించే చిన్న సెకండమ్ రంధ్రాలు, కండర భాగంలోని చిన్న వీఎస్‌డీలు చాలావరకు వాటంతట అవే మూసుకుపోతాయి. ఏడాదిలోపు బిడ్డకు 4 మిల్లీమీటర్ల ఏఎస్‌డీ కనిపించిందని ఎవరైనా తొందరపెడితే, ఇంకొక పిల్లల గుండె డాక్టరుకు చూపించిగానీ ముందుకు వెళ్లకండి. దీనికి పూర్తిగా ఎదురైన పరిస్థితి కూడా ఉంది, దాని గురించి వీఎస్‌డీ దగ్గర చెబుతాను.

తొడ దారి

గుండెను తెరవకుండా ఏఎస్‌డీని మూయవచ్చని అమెరికాలో టెర్రీ కింగ్, నోయెల్ మిల్స్ 1970ల మధ్యలో చేసి చూపించారు. అప్పటి పరికరం పెద్దది, మొరటుది. ఇప్పుడు ఎక్కువగా వాడే రకం నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ తీగలతో అల్లిన జంట బిళ్ల. దీన్ని ఆసుపత్రుల్లో డివైస్ అని, గొడుగు అని, బటన్ అని రకరకాలుగా పిలుస్తారు. సన్నని గొట్టంలో ముడుచుకుని తొడ మూలంలోని సిర గుండా గుండెలోకి వెళ్తుంది. రంధ్రం దాటాక ఎడమవైపు ఒక బిళ్ల, వెనక్కి లాగి కుడివైపు మరో బిళ్ల విచ్చుకుంటాయి. గోడ ఆ రెండింటి మధ్య చిక్కుతుంది. సరిగ్గా కూర్చుందని ఎకోలో చూసుకున్నాకే తీగను వదులుతారు. అంతవరకూ వెనక్కి తీసుకునే వీలుంది. వచ్చే మూడు నుంచి ఆరు నెలల్లో గుండె లోపలి పొర దాని మీద పాకి దాన్ని తనలో కలుపుకుంటుంది.

సరిపడే బిడ్డకు ఇదే మొదటి ఎంపిక అని చెప్పడానికి నాకు సంకోచం లేదు. గుండె ఆగదు, మెషీన్ అక్కర్లేదు, ఎముక తెగదు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వచ్చేస్తారు. రక్తం ఎక్కించాల్సిన అవసరం చాలా తక్కువ. అయితే “సరిపడే బిడ్డకు” అన్న మాట మరిచిపోకూడదు. బిళ్ల పట్టుకోవడానికి రంధ్రం చుట్టూ సుమారు 5 మిల్లీమీటర్ల అంచు ఉండాలి. బృహద్ధమని వైపు అంచు తక్కువగా ఉన్నా చాలాసార్లు నెట్టుకురావచ్చు. కింది మహాసిర వైపు అంచు లేకపోతే మాత్రం బిళ్లకు పట్టు దొరకదు. బిడ్డ బరువు కూడా లెక్కే. ఇబ్బంది పెట్టని ఏఎస్‌డీ అయితే 15 కిలోలు దాటే దాకా, అంటే మామూలుగా మూడు నుంచి ఐదేళ్ల వయసు వచ్చే దాకా ఆగుతారు.

ప్రమాదాలు తక్కువ, కానీ లేవని కాదు. బిళ్ల జారి వేరే చోటికి వెళ్లడం అరుదుగా జరుగుతుంది. గొట్టంతోనే పట్టి తీయలేకపోతే ఆపరేషన్ చేసి తీయాలి. ఇంకా అరుదైనది, కానీ గట్టిగా గుర్తుంచుకోవాల్సింది: బిళ్ల అంచు గుండె గోడను ఒరుసుకుని గాయం చేయడం. వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా అని అంచనా. చాలావరకు మొదటి రోజుల్లోనే బయటపడుతుంది, కొన్నిసార్లు ఏళ్ల తర్వాత కూడా. అందుకే డివైస్ వేయించుకున్న పిల్లల ఎకో పరీక్షలను “బాగానే ఉంది కదా” అని మానేయకూడదు. నికెల్‌తో బిడ్డకు గట్టి అలర్జీ ఉంటే, కమ్మలు, గొలుసులు పెడితే చర్మం పుండు పడుతుంటే, ముందే చెప్పాలి.

మా పాపను ఈ దారికే తీసుకెళ్లారు. బయటి నుంచి చేసిన ఎకోలో అంచులు బాగున్నాయన్నారు. మత్తు ఇచ్చి గొంతులోంచి ఎకో గొట్టం పంపి చూస్తే, కింది మహాసిర వైపు అంచు దాదాపు లేదు. డాక్టరు బయటకు వచ్చి, “వేయను, వేస్తే నిలవదు” అన్నారు. ఆ క్షణంలో మాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన ఆ రోజు చేసినంత మేలు మాకు ఇంకెవరూ చేయలేదు. బలవంతాన పెద్ద బిళ్ల ఇరికించి చూద్దాం అనే వైద్యుడి కంటే, ఖాళీ చేతులతో తిరిగి వచ్చే వైద్యుడిని నమ్మవచ్చు. మీ బిడ్డను తొడ దారికి పంపే ముందే అడగండి: లోపలికి వెళ్లాక కుదరకపోతే ఆ తర్వాత ఏమిటి, సర్జన్ అదే ఆసుపత్రిలో ఉన్నారా, లేక వేరే ఊరు వెళ్లాలా.

చంక దారా, ఎదురు రొమ్ము దారా

ఇక్కడే తల్లిదండ్రులు ఎక్కువగా తికమక పడతారు.

ఎదురు రొమ్ము దారి అంటే రొమ్ము ఎముకను నిలువునా తెరవడం. ఇది పాత దారి, అందుకే నమ్మకమైన దారి. గుండె మొత్తం సర్జన్ కళ్ల ముందు ఉంటుంది. అనుకోనిది ఎదురైనా, ఎకోలో కనబడని మరో లోపం బయటపడినా, అక్కడికక్కడే సరిచేయవచ్చు. ఏఎస్‌డీ ఒక్కటే అయితే ఆ ఎముక కింది సగాన్ని మాత్రమే తెరిచి, గాటు మెడ దాకా రాకుండా చేసే సర్జన్లు చాలామంది ఉన్నారు. దీన్ని ఎవరూ అంతగా ప్రచారం చేయరు గానీ, నా దృష్టిలో చాలా పిల్లలకు తగిన నడిమి దారి ఇదే. చొక్కా రెండో గుండీ కిందనే గాటు ఆగిపోతుంది. సర్జన్‌కు చూపు మాత్రం తగ్గదు.

చంక దారి అంటే కుడి చంక కింద నిలువుగా 4 నుంచి 6 సెంటీమీటర్ల గాటు పెట్టి, కండరాలను కోయకుండా పక్కకు తప్పించి, పక్కటెముకల మధ్య నుంచి గుండెను చేరడం. చెయ్యి కిందికి దించితే మచ్చ కనిపించదు. రొమ్ము ఎముక తెగదు కాబట్టి ఛాతీ ఆకృతి మారే భయం తక్కువ. ఎదురు రొమ్ము మీద చర్మం గాటు పడితే ఉబ్బుగా, ఎర్రగా కీలాయిడ్ కట్టే గుణం ఎక్కువ; కుటుంబంలో అలాంటి మచ్చలు ఎవరికైనా ఉంటే చంక దారి వైపు మొగ్గడానికి అది సరైన కారణమే.

ఆడపిల్లల విషయంలో ఒక హెచ్చరిక. చంక దారికి అన్న లాంటి పాత పద్ధతి ఒకటుంది: కుడి రొమ్ము కింద అడ్డంగా గాటు పెట్టడం. ఎదగని పాపలో రొమ్ము మొగ్గ ఎక్కడి దాకా ఉంటుందో చెప్పడం కష్టం. ఆ గాటు దాన్ని దెబ్బతీస్తే పెద్దయ్యాక ఒకవైపు ఎదుగుదల తక్కువ కావచ్చు. మచ్చ కనిపించకూడదని తీసుకున్న నిర్ణయం అంతకంటే పెద్ద బాధ మిగిల్చడం ఎవరికి కావాలి? “పక్క నుంచి చేస్తాం” అని సర్జన్ అంటే, చంక కిందనా రొమ్ము కిందనా అని బొమ్మ గీయించి చూపించమనండి. సిగ్గుపడకండి.

ఇక చంక దారిలోని ఇబ్బందులు. గుండె లోతుగా, ఏటవాలుగా కనిపిస్తుంది. బృహద్ధమని సర్జన్ చేతికి దూరంగా ఉంటుంది. గుండె తిరిగి కొట్టుకునే ముందు లోపలి గాలి బుడగలను పూర్తిగా తీసేయాలి, లేకపోతే అవి మెదడుకు వెళ్తాయి. ఇరుకు చోట ఆ పనికి ఓపిక, అలవాటు రెండూ కావాలి. కొన్నిచోట్ల మెషీన్ గొట్టాలను తొడ రక్తనాళాల్లో పెడతారు, చిన్న బిడ్డకు ఆ నాళాలు సన్నం కాబట్టి కాలికి రక్తం తగ్గే ప్రమాదముంది. మా పాప సర్జన్ ఆ గొట్టాలను కూడా అదే చంక గాటులోంచి పెట్టారు. ఎలా పెడతారో ముందే అడగడం మంచిదని అప్పుడు తెలిసింది. పక్కటెముకల మధ్య నరాల వల్ల మొదటి రెండు మూడు రోజులు నొప్పి ఉండవచ్చు, నరానికి మందు ఇచ్చి అదుపు చేస్తారు. కుడి ఊపిరితిత్తి చుట్టూ ఇంతకు ముందు చీము పట్టి తగ్గిన బిడ్డకు, లోపల అతుకులు ఉంటాయి కనుక, ఈ దారి తగదు.

మేము చంక దారినే ఎంచుకున్నాం. మచ్చ కోసమే కాదు. ఆ సర్జన్ ఏఎస్‌డీలన్నీ మామూలుగా అలాగే చేస్తున్నారని తెలిసి ఎంచుకున్నాం. అదే సర్జన్ ఎదురు రొమ్ము దారిలో ఆరితేరి, చంక దారి ఏడాదికి రెండు మూడే చేస్తుంటే, నేను మరో ఆలోచన లేకుండా ఎదురు రొమ్ము దారికే ఒప్పుకునేవాణ్ణి. ఏ దారి మంచిది అన్న ప్రశ్నకు సగం జవాబు ఎవరి చేతిలో అన్నదే. సర్జన్‌ను నేరుగా అడగండి: ఈ పద్ధతిలో గత ఏడాది ఎన్ని చేశారు, నా బిడ్డ బరువున్న పిల్లలకు ఎన్ని చేశారు, మధ్యలో ఎదురు రొమ్ముకు మార్చాల్సి వచ్చినవి ఎన్ని. మంచి సర్జన్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.

రోబో ఆపరేషన్ గురించి కూడా అడుగుతుంటారు. దాని పనిముట్లు చిన్న పిల్లల ఛాతీకి పెద్దవి. అది ఎదిగిన పిల్లలకు, పెద్దలకు సంబంధించిన మాట.

వీఎస్‌డీ దగ్గర లెక్క మారుతుంది

కింది గదుల మధ్య పెద్ద రంధ్రం ఉన్న పసిబిడ్డకు రెండో నెల నుంచి పాలు తాగుతుంటే చెమటలు పడతాయి, ఆయాసం వస్తుంది, బరువు పెరగదు. ఈ బిడ్డకు మచ్చ గురించి ఆలోచించే వ్యవధి లేదు. మందులతో అదుపు కాకపోతే మూడు నుంచి ఆరు నెలల మధ్యలోనే, ఎలా చూసినా ఏడాదిలోపు రంధ్రం మూయాలి. ఆలస్యం చేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడతాయి. ఒక హద్దు దాటాక రక్తం ఎదురు తిరిగి ప్రవహించి బిడ్డ నీలంగా మారుతుంది. ఆ స్థితిలో రంధ్రం మూయడమే ప్రాణాంతకం. “కొంచెం పెద్దయ్యాక చిన్న కోతతో చేయిద్దాం” అని ఇలాంటి బిడ్డను ఆపడం తగదు. ఈ వయసులో చాలావరకు ఎదురు రొమ్ము దారే సరైనది.

కవాటాల పక్కనే ఉండే పెరిమెంబ్రేనస్ రకం అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. దాని అంచునే గుండెకు విద్యుత్తు అందించే నాడి వెళ్తుంది. డివైస్ ఆ నాడిని నొక్కితే గుండె లయ తప్పి, శాశ్వతంగా పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చు. ఆ ఇబ్బంది వెంటనే కాకుండా నెలలు, ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. ఆపరేషన్‌లోనూ ఆ ప్రమాదం ఉంది, కానీ సర్జన్ ఆ చోటును చూస్తూ కుడతారు. ఇప్పటి మెత్తని పరికరాలతో ఫలితాలు మెరుగయ్యాయి. అయినా చిన్న బిడ్డకు, పెద్ద పెరిమెంబ్రేనస్ రంధ్రానికి డివైస్ అంటే నేను రెండో అభిప్రాయం తీసుకోకుండా కదలను. బృహద్ధమని కవాటం కింద ఉండే రకం పాశ్చాత్యుల కంటే ఆసియా పిల్లల్లో ఎక్కువ. రంధ్రం చిన్నదైనా కవాటపు రేకును లోపలికి లాగేసి లీకు చేయవచ్చు. దీన్ని మూయాల్సి వస్తే సాధారణంగా ఆపరేషనే దారి.

కండర భాగంలోని రంధ్రం విషయం తిరగబడుతుంది. అక్కడ గుండె లోపలి గోడ వలలా గజిబిజిగా ఉండి సర్జన్‌కు రంధ్రం సరిగా కనిపించదు. ఇక్కడ డివైస్ నిజంగా మేలైనది. బిడ్డ మరీ చిన్నదైతే గుండె డాక్టరు, సర్జన్ కలిసి పనిచేస్తారు: రొమ్ము ఎముక దిగువన చిన్న గాటు, కొట్టుకుంటున్న గుండె గోడలోంచి సూది, దాని వెంట డివైస్. మెషీన్ అవసరం లేదు. “చిన్న కోత” అన్న పేరుకు పూర్తిగా తగినది ఈ పద్ధతే అనిపిస్తుంది నాకు.

పీడీఏ, కవాటం ఇరుకు

పీడీఏను 1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ తొలిసారి ఎడమ ఛాతీ తెరిచి కట్టారు. ఇప్పుడు కొన్ని కిలోల బరువున్న బిడ్డకు తొడ దారిన డివైసే మొదటి మాట, ఇందులో పెద్దగా తర్జనభర్జన లేదు. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు ముందు మందులు. తప్పకపోతే ఎడమవైపు చిన్న గాటుతో కట్టడం, లేదా వారి కోసమే వచ్చిన చిట్టి డివైస్. ఊపిరితిత్తుల కవాటం ఇరుకైతే తొడ దారిన బెలూన్ పంపి దాన్ని వెడల్పు చేస్తారు. ఫాలో టెట్రాలజీ (నాలుగు లోపాలు కలిసి ఉండే గుండె జబ్బు), నాలుగు గదుల నడుమ పెద్ద లోపం లాంటి సంక్లిష్టమైన వాటికి ఎదురు రొమ్ము దారే. అక్కడ చిన్న కోత కోసం పట్టుబట్టకండి.

డబ్బు మాట

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు తెలంగాణలో అదే పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. పిల్లల గుండె ఆపరేషన్లతోపాటు డివైస్ పద్ధతి కూడా ఈ పథకంలో ఉంది. అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే ఆర్బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) వైద్య బృందాలు అనుమానమున్న పిల్లలను పై ఆసుపత్రులకు పంపుతాయి. పుట్టపర్తిలో 1991 నుంచి ఉన్న సత్యసాయి ఆసుపత్రి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తుంది. తిరుపతిలో టీటీడీ 2021లో పిల్లల కోసమే శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచింది. ప్రైవేటులో కట్టి చేయించుకునేవారు ఒక మాట కాగితం మీద రాయించుకోవాలి: డివైస్ కుదరక ఆపరేషన్‌కు మారితే వాడని డివైస్‌కు డబ్బు తీసుకుంటారా? మాకు అది తెలియక బిల్లు దగ్గర పెద్ద వాదనే జరిగింది. చంక దారికి అదనంగా చెప్పే రుసుము దేనికో కూడా అడగండి. ఆ అదనం కోసం అప్పు చేయాల్సి వస్తే, చేయకండి. ఎదురు రొమ్ము దారిన చేయించినా బిడ్డ గుండె అంతే బాగుపడుతుంది.

ఇంటికి వచ్చాక

డివైస్ వేసిన పిల్లలకు సుమారు ఆరు నెలలు ఆస్పిరిన్ ఇస్తారు. ఆ రోజుల్లో ఆటలమ్మ గానీ ఫ్లూ గానీ సోకితే వెంటనే డాక్టరుకు చెప్పండి. ఆస్పిరిన్‌తో అవి కలిస్తే కాలేయానికి, మెదడుకు అరుదైన ముప్పు ఉంది. ఆ ఆరు నెలలూ పళ్లు పీకించే ముందు యాంటీబయాటిక్ తప్పనిసరి. ఎదురు రొమ్ము దారి పిల్లల ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంతవరకూ చంకల్లో చేతులు వేసి ఎత్తకూడదు, ఒక చెయ్యి మెడ వెనక, ఒకటి పిరుదుల కింద పెట్టి ఎత్తాలి. తాతయ్యలకు, మేనమామలకు ఇది ముందే చెప్పి ఉంచండి, ప్రేమ పట్టలేక ఎత్తేస్తారు. రక్తం ఎక్కించి ఉంటే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), ఆటలమ్మ టీకాలు కొన్ని నెలలు వాయిదా పడతాయి.

చంక దారైనా, ఎదురు రొమ్ము దారైనా, ఆపరేషన్ అయిన ఒకటి నుంచి ఆరు వారాల్లో బిడ్డకు జ్వరం, వాంతులు, మందకొడితనం, ఆయాసం కనిపిస్తే పైన గాయం ఎంత చక్కగా మానినా నమ్మకండి. గుండె చుట్టూ నీరు చేరి ఉండవచ్చు, ముఖ్యంగా ఏఎస్‌డీ పిల్లల్లో. మా పాపకు మూడో వారంలో ఒళ్లు వెచ్చబడి, అన్నం తినకుండా ముడుచుకుని పడుకుంది. జలుబు జ్వరమే అనుకున్నాం. చెల్లెలు వినలేదు, ఆ రాత్రే ఎకో చేయించింది. నీరు చేరింది. మందులతో పది రోజుల్లో తగ్గింది.